నాన్న చూపించిన సిడ్నీ

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారంటే విదేశాల్లో ఉన్న మన ఇళ్లలో ముందు తయారయ్యేది ఒక జాబితా. ఏ వారం ఎక్కడికి తీసుకెళ్లాలి, ఎవరింట్లో భోజనం, ఏ గుడికి ఎప్పుడు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి మా జాబితా ఎక్సెల్ షీట్‌లో ఉంటుంది. పేరు, దూరం, ప్రయాణ సమయం, టాయిలెట్లు ఉన్నాయా, మెట్లు ఎన్ని... ఇలా తొమ్మిది కాలమ్‌లు. మేం సిడ్నీకి వచ్చి పద్నాలుగేళ్లయింది. నాన్న రెండుసార్లు అమ్మతో కలిసి వచ్చారు. పోయిన అక్టోబరులో మొదటిసారి ఒక్కరే వచ్చారు. అమ్మ పోయి అప్పటికి ఏడు నెలలు.

అంతకుముందు వచ్చినప్పుడల్లా చూసేది అమ్మే. ప్రతిదానికీ ఆశ్చర్యపోయేది, ఫొటో తీయమనేది, ఫోన్‌లో విశాఖపట్నంలోని పిన్నికి చెప్పేది. నాన్న వెనకాల సంచి పట్టుకుని నడిచేవారు. ఈసారి సంచి ఉంది, ముందు నడిచే మనిషి లేదు. కనీసం ఊరంతా చూపిస్తే మనసు మళ్లుతుందని మా ఆశ.

ఏం చూపించినా ‘బాగుందమ్మా’

మొదటి శనివారం ఆపెరా హౌస్. వెస్ట్‌మీడ్ నుంచి రైలెక్కి, మధ్యలో మారి సర్క్యులర్ కీ స్టేషన్‌లో దిగాం. అక్కడ ప్లాట్‌ఫామ్ మీద నుంచే హార్బర్ అంతా కనిపిస్తుంది. ఎడమవైపు వంతెన, కుడివైపు ఆపెరా హౌస్, కింద వరుసగా ఫెర్రీలు. కొత్తగా వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోతారు. నాన్న ఒకసారి చూసి, ‘బాగుందమ్మా’ అన్నారు.

ఆపెరా హౌస్ కథ చెప్పాను. డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్ 1957లో పోటీలో గెలిచాడని, 1959లో పని మొదలైతే 1973లో గానీ ప్రారంభం కాలేదని, గొడవలతో ఆయన 1966లోనే వెళ్లిపోయాడని, పూర్తయిన భవనాన్ని జీవితంలో చూడనే లేదని. మొదట 70 లక్షల డాలర్లనుకున్న ఖర్చు 10 కోట్ల 20 లక్షలకు చేరిందన్నాను. దానికి మాత్రం నాన్న కొంచెం నవ్వారు. ‘మా యార్డులోనైతే ఎంక్వయిరీ వేసేద్దురు’ అని, మళ్లీ మౌనంగా ఉండిపోయారు.

రెండో వారం బ్లూ మౌంటెన్స్. కటూంబాలో ఎకో పాయింట్ నుంచి త్రీ సిస్టర్స్ కొండలు చూసి, ‘బాగుందమ్మా’ అన్నారు. మూడో వారం హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. దర్శనమయ్యాక బాల్డ్ హిల్ మీద నుంచి సముద్రం చూపించి, కొండ అంచున నీళ్ల మీదుగా వెళ్లే సీ క్లిఫ్ బ్రిడ్జి దాకా కారులో తీసుకెళ్లాం. మళ్లీ అదే మాట. ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే వంటింట్లోకి వచ్చి అడిగారు. ‘టికెట్టు కాస్త ముందుకి జరపడానికి అవుద్దేటమ్మా? మీకెందుకు ఇదంతా, నా కోసం సెలవులు పాడుచేసుకోవడం?’

జనవరి దాకా ఉంటారనుకున్న మనిషి. నాకు నోట మాట రాలేదు. చూద్దాంలే నాన్నా అన్నాను. పడుకునే ముందు మా ఆయన ఒక్క మాటే అన్నారు. ‘మనకి నచ్చినవి చూపిస్తున్నాం. ఆయన దేనివైపు చూస్తున్నారో ఎప్పుడైనా గమనించావా?’

రెండు ముక్కుల పడవ

మరుసటి వారం మాన్లీ ఫెర్రీ. సర్క్యులర్ కీ నుంచి అరగంట ప్రయాణం. హార్బర్ ముఖద్వారం దగ్గర బయటి సముద్రం అల తగిలి పడవ ఊగుతుంది. పిల్లలకి అదే సరదా. అందరూ ఆపెరా హౌస్ కనిపించే వైపు ఎగబడితే నాన్న మాత్రం రెండో వైపుకెళ్లి నిలబడ్డారు. తాళ్లు విప్పుతున్న కుర్రాణ్ణి చూస్తున్నారు. మాన్లీలో దిగాక వెనక్కి తిరిగి పడవకేసి చూసి, ‘ఇది తిరగదమ్మా. రెండు వేపులా ముక్కే. వచ్చిన దారినే ఎనక్కి పోద్ది’ అన్నారు.

నిజమే. ఫ్రెష్‌వాటర్ రకం పెద్ద ఫెర్రీలకు రెండు చివరలా చుక్కాని, ప్రొపెల్లర్, నడిపే గది ఉంటాయి. పద్నాలుగేళ్లుగా ఎక్కుతున్నాను. ఒక్కసారీ గమనించలేదు.

నాన్న హిందుస్థాన్ షిప్‌యార్డులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టర్‌గా చేశారు. వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ 1941లో మొదలుపెట్టిన యార్డు అది. 1948లో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ నీళ్లలోకి దిగింది అక్కడే. కంపెనీ పేరు పోయినా ఆ చోటును ఇప్పటికీ సింధియా అనే అంటారు. మా ఇల్లు మల్కాపురంలో. నాకు తెలిసిన షిప్‌యార్డు అంటే గేటు, సైరన్, సాయంత్రం సైకిళ్ల వరుస, నాన్న చొక్కాకి గ్రీజు వాసన. అంతే. లోపల ఏం చేస్తారో నేనెప్పుడూ అడగలేదు. ఇంజినీరింగ్ కాలేజీలో అడిగినప్పుడు ‘షిప్‌యార్డులో ఉద్యోగం’ అని ఆపేసేదాన్ని. ఫిట్టర్ అని చెప్పడానికి మొహమాటం. ఇన్నేళ్లకి ఈ మాట రాయడానికీ మొహమాటంగానే ఉంది.

ఆ రాత్రే షీట్‌లో కొత్త వరుస చేర్చాను: కాకటూ ఐలాండ్.

దీవిలో మాట్లాడిన మనిషి

సిడ్నీలో ఏళ్ల తరబడి ఉన్న మనవాళ్లలో కూడా కాకటూ ఐలాండ్ చూడనివాళ్లు చాలామంది. సర్క్యులర్ కీ నుంచి ఫెర్రీలో హార్బర్ వంతెన కిందుగా వెళ్లాలి. దీవిలోకి ప్రవేశానికి డబ్బు కట్టక్కర్లేదు, ఫెర్రీ చార్జీ చాలు. 1839 నుంచి అది ఖైదీల దీవి. అక్కడి ఫిట్జ్‌రాయ్ డాక్‌ను ఇసుకరాయి తొలిచి కట్టింది ఖైదీలే. 1857లో తొలి ఓడ అందులోకొచ్చింది. 1890లో దాని పక్కనే సదర్లాండ్ డాక్ పూర్తయింది. 1942లో సింగపూర్ జపాన్ చేతికి చిక్కాక, ఈ ప్రాంతంలో యుద్ధనౌకల మరమ్మతులకు ఇదే పెద్ద దిక్కయింది. 1990ల మొదట్లో యార్డు మూతపడింది. ఖైదీల కాలపు కట్టడాల వల్ల 2010లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. పెద్ద పెద్ద షెడ్లు, క్రేన్లు, ప్లేట్లు వంచే యంత్రాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఫెర్రీ దిగి పది అడుగులు వేశామో లేదో, నాన్న నా చేతిలో సంచి పెట్టి ముందుకెళ్లిపోయారు. డాక్ అంచున నిలబడి మా అబ్బాయిని పిలిచారు. వాడు ఎనిమిదో తరగతి. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది.

‘ఓడని ఈ గోతిలోకి తెస్తారు. గేటు మూసేస్తారు. పంపులతో నీళ్లు తోడేస్తారు. నీళ్లు తగ్గే కొద్దీ ఓడ మెల్లగా కిందున్న దిమ్మల మీద కూర్చుంటాది. ఆ దిమ్మలు ముందే లెక్క ప్రకారం పేర్చాలి. అంగుళం తేడా వచ్చిందా, ఓడ బరువంతా ఒక్కచోటే పడి అడుగు నొక్కుకుపోద్ది.’

‘మరి బయటికి ఎలా తీస్తారు తాతయ్యా?’ వాడు తెలుగులోనే అడిగాడు.

‘తియ్యక్కర్లేదురా. నీళ్లు వదిలితే అదే లేస్తాది.’

మూడు గంటలు అలాగే సాగింది. ఒక షెడ్డులో యంత్రం మీద చెయ్యేసి అది ఏం చేస్తుందో బోర్డు చదవకుండానే చెప్పారు. కొత్త ఓడని స్లిప్‌వే మీద నుంచి నీళ్లలోకి జార్చడానికి పోటు సమయం చూస్తారని, కింద దట్టంగా గ్రీజు పట్టిస్తారని, ఓడ కదిలే ఆ కొద్ది క్షణాలూ వందలమంది ఊపిరి బిగబట్టి నిలబడతారని చెప్పారు. ఎడమ చెవి సరిగా వినపడకపోవడానికి కారణం కూడా అక్కడే తెలిసింది. ఖాళీ ట్యాంకుల్లో కూర్చుని ఇనుము మీద సుత్తి దెబ్బల మధ్య గడిపిన రోజులు. ‘ఆ రోజుల్లో చెవుల్లో దూదే’ అన్నారు. ఇన్నాళ్లూ టీవీ సౌండు తగ్గించమని విసుక్కున్నది నేనే.

మధ్యాహ్నం డాక్ పక్కన కూర్చుని పులిహోర, పెరుగన్నం తిన్నాం. డబ్బా మూత పెడుతూ నాన్న నీళ్లకేసి చూస్తూ అన్నారు. ‘మీ అమ్మ ఎన్నిసార్లడిగిందో. లోపలేటి చేస్తారో ఒక్కసారి చూపించండీ అని. పాస్ తీసుకోవాలి, రేపు, ఎల్లుండి అన్నాను. రిటైరైపోయాను. రోజూ కారేజీ కట్టింది గానీ అది ఎక్కడ కూర్చుని తింటున్నానో తెలీదు దానికి.’

నేనేం మాట్లాడలేదు. మా అబ్బాయి ఆయన పక్కకి జరిగి కూర్చున్నాడు. అమ్మ గురించి నాన్న నోరు విప్పింది ఆ ఏడు నెలల్లో అదే మొదటిసారి.

అక్కడి నుంచి ఆయనదే దారి

తర్వాతి వారాల జాబితా నాన్నే రాయించారు. డార్లింగ్ హార్బర్‌లోని మారిటైమ్ మ్యూజియంలో ‘వాంపైర్’ అనే యుద్ధనౌక ఉంది. అది కాకటూ ఐలాండ్‌లోనే తయారై 1956లో నీళ్లలోకి దిగింది. తయారైన చోటు ముందు చూసి, ఆ తర్వాత ఓడ ఎక్కడం వేరే అనుభవం. పక్కనే ‘ఆన్‌స్లో’ జలాంతర్గామి ఉంటే, ‘మన కురుసుర లాంటిదే’ అని మా అబ్బాయికి ఆర్కే బీచ్‌లో ఉన్న జలాంతర్గామి గురించి చెప్పారు.

హార్బర్ వంతెన మీద నడిచాం. తూర్పు వైపు కాలిబాట పాదచారులకు. ఇప్పుడు రెండు చివరలా లిఫ్టులున్నాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్నా ఇబ్బంది లేదు. 1932లో తెరిచిన ఆ వంతెనలో అరవై లక్షల రివెట్లున్నాయి. ఎర్రగా కాల్చిన రివెట్‌ను ఒకడు విసిరితే ఇంకొకడు బకెట్‌తో పట్టేవాడు. నిర్మాణంలో 16 మంది చనిపోయారని చెప్పినప్పుడు నాన్న ఆగి, రెయిలింగ్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డారు.

టికెట్టు జరపమని మళ్లీ అడగలేదు. ఇక్కడే ఉండిపొమ్మంటే మాత్రం ఒప్పుకోలేదు. జనవరిలో అనుకున్న తేదీకే వెళ్లారు. ‘ఇల్లు తాళం పెట్టి ఎన్నాళ్లమ్మా’ అన్నారు. మన ఇళ్లలో చాలామందికి ఈ మాట తెలుసు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పెద్దవాళ్లతో హార్బర్ చూసేవారికి

రైలు, బస్సు, ఫెర్రీ అన్నిటికీ ఓపల్ కార్డు ఒక్కటే పనిచేస్తుంది. బ్యాంకు కార్డు తాకించినా చాలు గానీ, మనిషికో కార్డు ఉండాలి. రోజుకు ఒక పరిమితి దాటితే ఇక చార్జీ పడదు. శుక్ర, శని, ఆదివారాల్లో ఆ పరిమితి మరీ తక్కువ. దూరప్రయాణాలు ఆ రోజుల్లో పెట్టుకోండి.

ఒక రోజుకు ఒకే చోటు. మేం మొదట్లో మూడేసి పెట్టి ఆయన్ని అలవగొట్టాం. కాకటూ ఐలాండ్‌లో పై భాగానికి ఎక్కలేనివాళ్లు దీవికి అడ్డంగా తొలిచిన సొరంగంలోంచి అటువైపు షెడ్లకు వెళ్లొచ్చు. ఎండ, గాలి రెండూ ఎక్కువే. టోపీ, పల్చటి స్వెట్టర్ ఉంచుకోండి. తిండి ఇంటి నుంచే పట్టుకెళ్లడం మంచిది. ఫెర్రీ ఎక్కేటప్పుడు వంతెన పలక అలలకి కదులుతుంది, చెయ్యి పట్టుకోండి.

ఇంకొక్కటి. మా ఎక్సెల్ షీట్‌లో ఇప్పుడు పది కాలమ్‌లు. వచ్చే మేలో మా అత్తయ్యగారు వస్తున్నారు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి. ‘వాళ్లు ఏం పని చేసేవారు?’ అనే కాలమ్‌ను అన్నిటికన్నా ముందు పెట్టాను.