చుక్కలు కనిపిస్తే నెట్ పోయినట్టేనా?

ప్రొద్దుటూరులో మీ ఇంట్లో వైఫై ఫుల్లు. యూట్యూబ్ ఆడుతోంది. కౌన్సెలింగ్ సైటు మాత్రం తెరుచుకోదు. ఆప్షన్లు పెట్టడానికి రేపే ఆఖరు. తప్పు మన రూటర్‌దా, నెట్ ఇచ్చిన కేబుల్ అన్నదా, సైటుదా? తేల్చేందుకు పనికొచ్చేది ట్రేస్‌రూట్.

పులివెందుల నుంచి ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరుకు మనిషిని పంపాలి, మధ్యలో ఏ ఊళ్లున్నాయో తెలీదు అనుకోండి. మొదటివాడికి ఒక్క స్టేజీకే టికెట్ కొంటాం. ముద్దనూరులో కండక్టర్ దింపేసి 'మీవాడి టికెట్ అయిపోయింది' అని కబురు పెడతాడు. రెండోవాడికి రెండు స్టేజీలు కొంటే జమ్మలమడుగు నుంచి కబురు. మూడోవాడు ప్రొద్దుటూరులో దిగుతాడు. నెట్‌లో ఆ టికెట్ పేరు టీటీఎల్. ప్రతి రూటరూ ఒకటి తగ్గిస్తుంది. సున్నాకి వస్తే ప్యాకెట్‌ను పారేసి పంపినవాళ్లకు చెబుతుంది. 1980ల చివర్లో వాన్ జాకబ్సన్ ఈ కిటుకుతోనే ట్రేస్‌రూట్ రాశాడు. (నిజానికి మన ప్యాకెట్ పక్కూరికి పోవడానికి హైదరాబాదో చెన్నైయో చుట్టి రావచ్చు. బస్సే నయం!)

చిక్కల్లా ఫైర్‌వాల్‌తోనే. కబురు రాకపోతే స్క్రీన్ మీద మూడు చుక్కల గుర్తులు పడతాయి. అప్పుడు పంపే మనిషి వేషం మార్చాలి. లైనక్స్, మ్యాక్‌లలో మామూలుగా వెళ్లేది యూడీపీ. 33434 నుంచి మొదలయ్యే, ఎవరూ వాడని తలుపులు తడుతుంది. కాపలావాడికి అనుమానం రాదా మరి? విండోస్‌లోని ట్రేసర్ట్ పంపేది ఐసీఎంపీ, అంటే పింగ్. దాన్నీ చాలాచోట్ల ఆపేస్తారు. టీసీపీ మాత్రం 443 పోర్టుకు, అంటే అంగడి ముందు తలుపుకే, గిరాకీలా వెళ్తుంది. వెబ్‌సైటు నడవాలంటే ఆ తలుపు తెరిచే ఉంచాలి. అందుకే మిగతావి ఆగినచోట ఇది తరచూ చివరిదాకా చేరుతుంది. దొంగదారేమీ కాదు. కాలేజీ ల్యాబులో బ్లాక్ చేసిన సైటు దీంతో తెరుచుకోదు.

రూట్ చేయని ఫోన్‌లో టీసీపీ పద్ధతి కుదరడం కష్టం. లైనక్స్ ల్యాప్‌టాప్ ఉన్న ఫ్రెండ్‌ని పట్టుకోండి.

మధ్యలో చుక్కలు పడి, చివరి గడి పలికితే కంగారొద్దు. కొన్ని రూటర్లకు జవాబివ్వడం బద్ధకం, అంతే. టీసీపీ చివరిదాకా వెళ్లినా సైటు రాకపోతే తప్పు దారిలో కన్నా సైటులోనో మన బ్రౌజర్‌లోనో ఉండే అవకాశమే ఎక్కువ. ఏ సైటుకు పంపినా, మూడు పద్ధతులూ రెండో గడి దగ్గరే ఆగిపోతే అనుమానం కేబుల్ అన్న వైపే. స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేయండి. ఆయన వచ్చేలోపు మొబైల్ డేటా ఆన్ చేసి ఆప్షన్లు పెట్టేయండి.