నొయ్యల్‌కు మిగిలిన ఉప్పు

ముదురు రంగు టీషర్టు బట్టను అద్దడానికి కిలో బట్టకు అర కిలో, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉప్పు పడుతుంది. పని పూర్తయ్యాక అందులో చిటికెడు కూడా బట్టలో ఉండదు.

నీళ్లలో తడిసిన పత్తి పోగు మీద కొద్దిగా ఋణావేశం ఉంటుంది. పత్తికి వాడే రియాక్టివ్ రంగుల అణువులదీ ఋణావేశమే. కాబట్టి రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఉప్పులోని సోడియం అయాన్లు ఆ వికర్షణను తగ్గిస్తేనే రంగు పోగు దగ్గరికి చేరుతుంది. ఆపైన సోడా వేసి క్షారగుణం పెంచితే సెల్యులోజుతో గట్టి రసాయన బంధం ఏర్పడుతుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు నిలిచేది ఈ బంధం వల్లే. అయితే కొంత రంగు పోగుకు బదులు నీటితోనే చర్య జరిపి వృథా అవుతుంది. దాన్ని వేడినీళ్లలో పదేపదే జాడించి వదిలించాలి. ఆ నీళ్లతోనే ఉప్పంతా బయటికి వస్తుంది.

మన దేశపు అల్లిక దుస్తుల ఎగుమతుల్లో సగానికి పైగా తమిళనాడులోని తిరుప్పూర్ నుంచే వెళ్తాయి. తెలంగాణ, ఆంధ్ర పత్తి కూడా తమిళనాడు మిల్లుల్లో నూలవుతుంది. తిరుప్పూర్ మీదుగా పారే నొయ్యల్, పశ్చిమ కనుమల్లోని వెళ్లియంగిరి కొండల్లో పుట్టి కావేరిలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం దానిలో నీళ్లుండవు. అలాంటి ఏటిలోకి వందలాది అద్దకం యూనిట్ల నీళ్లు చేరాయి. సాగు కోసం 1992లో దిగువన కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్ కొద్ది ఏళ్లకే ఆ ఉప్పునీటి తొట్టి అయింది. ఆ నీరు పెడితే పొలాలు చవుడు బారాయి, బావులు ఉప్పనయ్యాయి. పొలానికి నీళ్లొస్తాయని ఎదురుచూసిన రైతులు ఆ గేట్లు ఎత్తవద్దని వేడుకోవలసి వచ్చింది.

శుద్ధి కేంద్రాలు అప్పటికే లేకపోలేదు. సున్నంతో, బ్యాక్టీరియాతో రంగునూ సేంద్రియ వ్యర్థాలనూ చాలావరకు తీయవచ్చు. నీళ్లలో కరిగిపోయిన ఉప్పును మాత్రం అవి ఏమీ చేయలేవు. చూడటానికి తేటగా ఉన్న నీరే పొలాన్ని పాడుచేసింది.

ఆయకట్టు రైతులు కోర్టుకెక్కారు. చుక్క వ్యర్థజలం కూడా బయటికి వదలకూడదని 2006లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది, 2009లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అయినా అమలు కాకపోవడంతో 2011 జనవరిలో హైకోర్టు యూనిట్లన్నిటినీ మూయించింది. ఊరు స్తంభించింది, కూలీలు ఇళ్లకు వెళ్లిపోయారు. తిరిగి తెరుచుకోవాలంటే ఒకటే దారి: నీటినీ ఉప్పునూ వెనక్కి రాబట్టడం.

మన ఊళ్లలో తాగునీటి ఆర్‌ఓ ప్లాంటు పక్క కాలువలోకి వదిలే చిక్కటి ఉప్పునీటిని చూసే ఉంటారు. తిరుప్పూర్‌లో అసలు సమస్య ఆ నీటిదే. ఆర్‌ఓ పొర మంచి నీటిని దాటించి, మిగతా దాన్ని మరింత ఉప్పగా వదులుతుంది. దాన్ని ఆవిరి యంత్రాల్లో మరిగించి, స్ఫటికాలు కట్టించి, అద్దకంలో ఉప్పుగా వాడే సోడియం సల్ఫేటును తిరిగి అద్దకానికే పంపుతారు. ఇందుకు విద్యుత్తు, కట్టెలు విపరీతంగా కావాలి. పాలక్కాడ్ కనుమ గాలికి తిరిగే గాలిమరలు ఉన్నాయి గనుక కొంత నయం. ఇంత చేసినా దేనికీ పనికిరాని మిశ్రమ లవణం కొంత మిగిలిపోతుంది.

ఈ కథ పక్కన మరో సంగతి పెట్టి చూడాలి. క్యాన్సర్ కారకాలను విడుదల చేసే కొన్ని ఆజో రంగులను 1994లో జర్మనీ నిషేధించింది. బట్టను పరీక్షిస్తే అవి దొరికిపోతాయి, సరుకు తిరిగివస్తుంది. అందుకే ఎగుమతిదారులు ఆ రంగులను వదిలేశారు. ఉప్పు అలా దొరకదు, అది ఓడెక్కదు. కొనేవాడి దేహానికి తగిలే విషాన్ని కొనేవాడి చట్టమే ఆపింది. పండించేవాడి పొలంలో మిగిలే విషాన్ని ఆపడానికి ఆ రైతే ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కాడు. సరఫరా గొలుసును పచ్చగా మార్చామని చెప్పే కంపెనీలను నేను ముందుగా అడగదలచింది దీని గురించే.

ఎందుకంటే శుద్ధి ఖర్చు పడేది అద్దకం యూనిట్ మీద. ఆర్డరు ఇచ్చే బ్రాండు మాత్రం ఇంత కఠిన నిబంధన లేని చోటి ధరతో పోల్చి బేరమాడుతుంది. పత్తి పోగుకే ముందుగా ధనావేశం ఇచ్చి ఉప్పు దాదాపు అక్కర్లేకుండా అద్దే పద్ధతులు ఉన్నాయి. తక్కువ ఉప్పుతో పట్టే రంగులూ ఉన్నాయి. వాటికయ్యే అదనపు రూపాయలు టీషర్టు ధరలో చేరితే ఆ ఉప్పును వండి తీయవలసిన అవసరమే తగ్గుతుంది.