నల్లార్బర్ దారిలో బైకు యాత్ర: ఆగాల్సిన చోట ఆగడమే రక్ష

పశ్చిమ ఆస్ట్రేలియాలోని నార్స్‌మన్‌ను దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టాతో కలిపే ఐర్ హైవే పొడవు సుమారు 1,660 కిలోమీటర్లు. ఖండాన్ని తూర్పు పడమరలుగా దాటే మోటారు సైకిల్ యాత్రికులకు ఇదే ప్రధాన మార్గం. ఈ దారి సాగే నల్లార్బర్ మైదానం పేరుకు లాటిన్ మూలాన్ని బట్టి ‘చెట్టు లేనిది’ అని అర్థం.

1841లో ఎడ్వర్డ్ జాన్ ఐర్ అనే అన్వేషకుడు, ఆదివాసీ యువకుడు వైలీ తోడుగా, దాహంతో అలమటిస్తూ ఈ ప్రాంతాన్ని దాటారు. 1950 చివర్లో 22 ఏళ్ల విన్‌ఫ్రెడ్ వెల్స్ 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌పై సిడ్నీ నుంచి ఒంటరిగా బయలుదేరి, పెర్త్ చేరి తిరిగివచ్చారు. కొన్నేళ్లకు మద్రాసులో తయారీ మొదలై మనకూ సుపరిచితమైన బండి అదే. ఆనాడు ఈ దారిలో చాలా భాగం మట్టిబాట. మొత్తం పొడవునా తారు పడింది 1976లో.

రోడ్డు బాగుపడ్డాక కొత్త ముప్పు అలసట రూపంలో వచ్చింది. బలడోనియా, కైగునాల మధ్య 146.6 కిలోమీటర్ల మేర ఒక్క మలుపూ లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లినా దాదాపు గంటన్నర పడుతుంది. మారని దృశ్యం ముందు కునుకు ముంచుకొస్తుంది. బైకు అదుపు తప్పడానికి క్షణం చాలు. ఎదురుగా వచ్చే భారీ రోడ్ ట్రైన్లు, అంటే ఒకదాని వెనుక ఒకటి ట్రైలర్లు తగిలించిన లారీలు, రేపే గాలి కూడా బండిని పక్కకు తోస్తుంది.

కొన్నిచోట్ల ఒక బంకు నుంచి మరో బంకుకు దాదాపు 200 కిలోమీటర్లు. లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చే బండిలో 13 లీటర్లు పోస్తే, లెక్క ప్రకారం 390 కిలోమీటర్లు వెళ్లాలి. బలమైన ఎదురుగాలి, సామాను బరువు కలిస్తే ఆ లెక్క తప్పుతుంది. అందుకే అనుభవజ్ఞులు టాంకు సగం ఉన్నా, కనిపించిన బంకులో నింపుకుంటారు. తాగునీటి విషయంలోనూ అదే నియమం.

కంగారూలు తెల్లవారుజామున, సంజవేళ ఎక్కువగా రోడ్డుపైకి వస్తాయి. వాంబాట్లు, ఒంటెలు కూడా ఎదురుకావచ్చు. 19వ శతాబ్దంలో భారత ఉపఖండం నుంచి ఓడల్లో తెచ్చిన ఒంటెల సంతతి కూడా ఇక్కడి అడవి ఒంటెల్లో ఉంది. పొద్దు వాలకముందే బస చేరుకోవడం శ్రేయస్కరం.

చాలాచోట్ల మొబైల్ సిగ్నల్ అందదు. ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే బీకన్ వెంట ఉండాలి. హైవేలో కొన్ని భాగాలు రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానాలకు అత్యవసర రన్‌వేలుగా ఉపయోగపడతాయి. బండి చెడిపోతే సాయం కోసం నడిచి వెళ్లరాదు. గాలించేవారికి మనిషి కంటే బండి త్వరగా కనబడుతుంది. దాని నీడనే వేచి ఉండాలి.