సైకిలుకు పొందిక

ఆయుధపూజనాడు మన ఇండ్లలో సైకిలుకు జరిగే మర్యాద ఇంతా అంతా కాదు. కడిగి, తుడిచి, పసుపు కుంకుమలు పెట్టి, హ్యాండిలుకు బంతిపూల దండ చుట్టి, చక్రం క్రింద నిమ్మకాయ ఉంచి ముందుకు నడిపిస్తాము. మరునాటినుండి మాత్రం ఆ సైకిలు పడే పాట్లు చూడరాదు. హ్యాండిలుకు ఒకవైపు కూరగాయల సంచి, రెండోవైపు టిఫిన్ కేరియరు, వెనుక కేరియరు స్ప్రింగు క్రింద నలిగిపోయే కాగితాల కట్ట, ముందు గొట్టంమీద బడికి పోయే పిల్లవాడు. ఏ సామానుకూ తనదంటూ ఒక చోటు లేదు.

ఈనాడు పెద్ద పట్టణాల దుకాణాలలో సైకిలుకు తగిలించే సంచులు, కేరియర్లు, దీపాలు, రంగురంగుల పిడులు ఎన్నో రకాలు అమ్ముతున్నారు. కంటికి నచ్చినదల్లా కొని తగిలిస్తే అది అలంకారమవుతుంది గాని ఏర్పాటు కాదు. సైకిలుకు ముఖ్యంగా కావలసినది పొందిక. బరువుకూ దానినుంచే చోటుకూ పొందిక ఉండాలి. ఒక భాగానికీ మరొక భాగానికీ పొందిక ఉండాలి. మనం చేసే పనికీ బండికీ పొందిక ఉండాలి. రంగుల పొందిక అన్నిటికన్న చివర రావలసినది. మేము గుమాస్తా ఉద్యోగంమీద ఇల్లు నడుపుకొనేవారము. ఆఫీసుకూ, బజారుకూ, బడికీ మాకు సైకిలే వాహనం. కనుక ఈ విషయంలో మాకు తెలిసిన నాలుగు మాటలు, డబ్బు లెక్క మరువకుండా, పాఠకులకు మనవి చేయదలచినాము.

సైకిలును, దానిమీది సామానును ఒకే వస్తువుగా భావించి తయారుచేసే విద్య ఫ్రాన్సు దేశంలో బాగా వృద్ధి పొందింది. సేంతెతియెన్ పట్టణంలో పాల్ ద వీవీ అనే పెద్దమనిషి ఉండేవాడు. ఆయన 1853లో పుట్టి 1930లో గతించాడు. 'వెలోసియో' అనే కలం పేరుతో పత్రిక నడిపి, సైకిలు పందాలకేగాక దూరప్రయాణానికి కూడా సాధనమని జీవితాంతం ప్రచారం చేశాడు. కొండ దారులకు గేర్లు ఉండాలని పట్టుపట్టాడు. ప్రసిద్ధమైన 'టూర్ ద ఫ్రాన్స్' పందెంలో చైనును ఒక పళ్ళచక్రంనుండి మరొక దానికి మార్చే గేర్లకు 1937లోగాని అనుమతి రాలేదంటే, ఆయన ఎంత ముందుచూపు గలవాడో తెలుస్తుంది. తరువాత ఆలెక్స్ సింజే, రెనే ఎర్స్ వంటి పనివారు పారిస్ ప్రక్కన చిన్న కార్ఖానాలు పెట్టి, ఫ్రేము, కేరియరు, మడ్‌గార్డు, దీపం, సంచి ఒకదానికొకటి అమరేటట్లు సైకిళ్ళు కట్టారు. ఆ కాలంలో అక్కడ సైకిళ్ళకు పరీక్షలు జరిగేవి. కొండలమీది గతుకుల దారిలో నడిపించి, ఏ మేకు ఊడినా, ఏ కడ్డీ విరిగినా మార్కులు తగ్గించేవారు.

ఆ సంప్రదాయం మన దేశానికీ వచ్చింది. 1891లో పందెంగా మొదలైన పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్ర ఇప్పుడు నాలుగేండ్లకొకసారి జరుగుతున్నది. పందెం పోయి, 1200 కిలోమీటర్లు 90 గంటలలో పూర్తిచేసే పరీక్షగా మారింది. దానికి మన బెంగుళూరు, చెన్నై, హైదరాబాదులనుండి కూడా సైకిలు సాధకులు పోతున్నారు. రాత్రింబవళ్ళు తొక్కేవారికి వదులుగా ఊగే సంచి ఎంత శత్రువో వారినడిగితే చెప్తారు.

అయితే బరువు సంగతి తెలిసికొనడానికి ఫ్రాన్సుదాకా పోనక్కరలేదు. పూర్వం మనవారు ఎద్దుమీద పెరికె వేసి ధాన్యం, ఉప్పు తోలేవారు. పెరికె అంటే ఎద్దు వీపుకు ఇరుప్రక్కలా సమంగా వ్రేలాడే జంట సంచి. ఒక ప్రక్క బరువెక్కితే ఎద్దు నడక చెడుతుంది. మన వీధులలో పాలవాడు సైకిలు వెనుక చెరొక ప్రక్క బిందెలు వ్రేలాడదీసేదీ ఈ పద్ధతినే. ఈనాడు అంగళ్ళలో ఎక్కువ వెలకు అమ్మే జంట సంచులు మన పెరికెకు తోబుట్టువులే. బరువు క్రిందుగా ఉండాలి, ఇరువైపులా సమంగా ఉండాలి, కదలకుండా ఉండాలి. ఈ మూడు సూత్రాలు పాటిస్తే పది కిలోల సామానుతో కూడా బండి తిన్నగా నడుస్తుంది. అదే పది కిలోలు కేరియరుమీద ఎత్తుగా పేర్చితే, మలుపులో బండి ఒకవైపు, సామాను మరొకవైపు లాగుతాయి.

హ్యాండిలుకు సంచి తగిలించడం మనకున్న అలవాట్లలో ప్రమాదకరమైనది. హ్యాండిలు తిరిగినప్పుడల్లా సంచి ఊగుతుంది. సంచి ఊగినప్పుడల్లా హ్యాండిలును లాగుతుంది. అది ముందు చక్రం స్పోకులలో చిక్కుకొన్నదా, చక్రం అక్కడికక్కడే ఆగి మనిషి తలమీదుగా ముందుకు పడతాడు. ముందువైపు సామాను పెట్టక తప్పదనుకొంటే, క్రింద కడ్డీలతో చక్రపు ఇరుసుకు బిగించిన కేరియరో, బుట్టో ఉండాలి. దానిలో తేలికైన వస్తువులే ఉంచాలి.

పిల్లల విషయం ఇంకా ముఖ్యం. వెనుక కూర్చున్న పిల్లవాడి కాలు చక్రంలో పడి మడమ చీలుకొనడం ఆసుపత్రులలో తరచు చూచే గాయం. కనుక పిల్లవాడిని ఎక్కించుకొనే సైకిలుకు మొట్టమొదట కొనవలసినది సంచి కాదు. వెనుక చక్రాన్ని ఇరువైపులా కప్పే జాలి, కాళ్ళు ఆనించుకొనే మెట్లు, పట్టుకొనేందుకు పిడి గల సీటు. ఆడవారి చీర చెరగు చుట్టుకోకుండా పెట్టే జాలీయే ఇందుకూ పనికివస్తుంది. ఈ ఖర్చుకు వెనుదీయరాదు.

కేరియరు కొనేటప్పుడు అది ఎంత బరువు మోస్తుందో చూడండి. మంచి కేరియర్లపై 10, 18, 25 కిలోలు అని ఏదో ఒక అంకె ముద్రించి ఉంటుంది. మనిషి కూర్చునేందుకు ఇవి చాలవు. దానికి మన పాతకాలపు సైకిళ్ళకు వచ్చే లావుకడ్డీల కేరియరే తగినది. నట్లు గతుకులకు వదులౌతాయి గనుక, లోపల నైలాను వలయం గల నట్లు వేయించుకోవాలి. సంచి తగిలించిన తరువాత సీటుమీద కూర్చుండి పెడలు వెనుకకు త్రిప్పి చూడాలి. మడమ సంచికి తగిలితే దానిని కొంచెం వెనుకకు జరపాలి. సంచి వెనుక దీపాన్ని కప్పరాదు. సంచి బట్ట విషయంలో మందమైన నూలు కాన్వాసు తక్కువదేమీ కాదు. నేత బిగువుగా ఉంటే తడిసినప్పుడు దారాలు ఉబ్బి, నీరు లోపలికి పోకుండా చాలవరకు ఆపుతాయి. ఓపిక గల ఇల్లాండ్రు, ఊరిలోని దర్జీలు దీనిని ఇంటిదగ్గరే కుట్టగలరు.

ఇక భాగాల పొందిక. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. టైరుమీద 28 అని ఉంటే చాలునని చాలమంది అనుకొంటారు. మన పాత నల్లసైకిలు టైరు 28, ఈనాటి సన్నటైర్ల సైకిలులోనూ కొన్నిటిమీద 28 అనే ఉంటుంది. కాని మొదటిదాని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, రెండవదానిది 622. ఒకటి రెండవదానికి పట్టదు. 26 అని వ్రాసినవాటిలోనూ 559 ఉన్నది, 590 ఉన్నది. కనుక టైరు ప్రక్కన '40–635' వంటి జంట అంకెలు వెదకండి. మొదటిది టైరు వెడల్పు, రెండవది రిమ్ము కొలత. రెండవ అంకె కలిస్తేనే కొనండి. బ్రేకులకూ ఇదే నియమం. ఒక్కొక్క జాతి బ్రేకుకు తీగె లాగవలసిన పొడవు వేరు. చేతి పిడి ఒక జాతిదీ, బ్రేకు మరొక జాతిదీ అయితే చూపుకు బాగానే ఉంటుంది గాని, అవసరానికి పట్టు చాలదు.

బరువు మోసేవారికి ఒక చవుక ఉపాయమున్నది. మన నల్లసైకిలుకు సామాన్యంగా ముందు పళ్ళచక్రానికి 44, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. ఫ్రీవీలు 22 పళ్ళది వేయిస్తే నాలుగున్నర మీటర్లే పోతుంది. వేగం కొంత తగ్గినా, సామానుతో వంతెన ఎక్కేటప్పుడు మోకాళ్ళకు ఆ తేడా తెలుస్తుంది. చైనుకు ఒకటి రెండు లింకులు కలపవలసి రావచ్చు. గేర్ల సైకిలు కొనకుండానే సగం సుఖం ఇందులో దొరుకుతుంది.

అంబత్తూరులో 1949లో స్థాపించిన టి.ఐ. సైకిల్స్‌వారి బండ్లు మన చెన్నపట్నపు తెలుగు ఇండ్లలో తాతల నాటివి ఇంకా కొన్ని ఉన్నవి. అటువంటి బండి ఇంటిలో ఉంటే పాతదని తీసివేయకండి. ఫ్రేము పగుళ్ళు లేకుండా, వంగకుండా ఉంటే తక్కినవన్నీ అమర్చుకోవచ్చును.

ఖర్చుకు మేము చెప్పే వరుస ఇది. ముందు బ్రేకులు, టైర్లు సరిచేయించండి. తరువాత దీపాలు, పిల్లలుంటే జాలి. ఆ తరువాత కేరియరు. దానిమీద ఒక వారంపాటు మీరు నిజంగా ఏమేమి మోస్తారో కాగితంమీద వ్రాసికొని, అప్పుడు సంచి కొలతలు నిర్ణయించుకోండి. సంచి కొన్న తరువాత కేరియరు వెదకడం, గుఱ్ఱపు నాడా కొని గుఱ్ఱాన్ని వెదకినట్లే. ఇవన్నీ అయి చేతిలో డబ్బు మిగిలితే, పిడులకు, సీటుకు, సంచికి ఒకే రంగు ఎన్నుకోండి. మీ ముచ్చటను ఎవరూ కాదనరు.

రోజూ బయలుదేరే ముందు సంచిని చేతితో పట్టి ఒకసారి గట్టిగా ఊపి చూడండి. గలగలమన్నచోట ఒక నట్టు బిగించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఈ మాటలు ఏ ఒక్క ఇంటివారికి ఉపయోగపడినా మాకు సంతోషం.