పాఠం 14: ట్రంకింగ్ రేడియోను స్కానర్ ఎలా వెంబడిస్తుంది?

ఈ పాఠం చదివాక మీరు ట్రంకింగ్ అంటే ఏమిటో సొంత మాటల్లో చెప్పగలుగుతారు. కంట్రోల్ ఛానల్ చేసే పనిని వివరించగలుగుతారు. చేతి స్కానర్‌లో ఏ వివరాలు ఎందుకు నింపాలో తెలుసుకుంటారు. కాగితం, పెన్సిలు దగ్గర ఉంచుకోండి. ఒకటి రెండు చిన్న లెక్కలు చేయాల్సి ఉంటుంది.

14.1 పరిచయం

కిందటి పాఠంలో పౌనఃపున్యం గురించి చదివారు. ఒక పౌనఃపున్యం మీద ఒక ప్రాంతంలో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరని తెలుసుకున్నారు. మరి ఒక నగరంలో పోలీసులు, అగ్నిమాపక దళం, అంబులెన్సులు, రోడ్ల శాఖ, అన్నీ కలిపి వేలమంది చేతుల్లో రేడియోలు ఉంటే? అన్ని పౌనఃపున్యాలు ఎక్కడినుంచి వస్తాయి? దీనికి జవాబుగా వచ్చినదే ట్రంకింగ్.

ఈ పాఠంలో ఉదాహరణలు అమెరికావి. అక్కడ ఎవరైనా స్కానర్ అనే చిన్న రిసీవర్ కొని పోలీసు, అగ్నిమాపక సంభాషణలు వినడం చాలాచోట్ల చట్టసమ్మతం. మన దేశంలో అలా కాదు. ఆ సంగతి 14.6లో చూస్తారు. దానిని తప్పక చదవండి.

14.2 ట్రంక్ కాల్ గుర్తుందా?

ఎస్.టి.డి. రాకముందు ఊరినుంచి ఊరికి ఫోన్ చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి, గంటల తరబడి కూర్చునేవారు. గుంటూరులోని ప్రతి ఫోనుకూ హైదరాబాదు దాకా విడిగా తీగ ఉండదు కదా! రెండు ఎక్స్ఛేంజీల మధ్య ఉన్న కొద్ది తీగలనే ఊరంతా పంచుకునేది. అలా అందరికీ ఉమ్మడిగా ఉన్న తీగల పేరే ట్రంక్. రేడియోలోకి వచ్చింది ఆ మాటే, ఆ ఆలోచనే.

ఉమ్మడిగా వాడితే లాభం ఎంత? ఐదు శాఖలు, ఐదు ఛానళ్లు ఉన్నాయనుకుందాం. ప్రతి శాఖకూ గంటలో సగటున 12 నిమిషాల మాటలు ఉన్నాయి. ఎవరి ఛానల్ వారిదే అయితే, ఒకరు మీట నొక్కే సమయానికి తమ ఛానల్ నిండి ఉండే అవకాశం ఆరింట ఒకటి. అదే సమయంలో పక్క శాఖ ఛానల్ ఖాళీగా పడి ఉండవచ్చు, కాని అది వీరికి పనికిరాదు. ఇప్పుడు ఐదు ఛానళ్లనూ ఒకచోట కలిపి, ఏది ఖాళీగా ఉంటే అది ఇచ్చే ఏర్పాటు చేద్దాం. ఐదూ ఒకేసారి నిండి ఉండే అవకాశం వెయ్యింట సుమారు మూడు మాత్రమే! ఛానళ్లు పెరగలేదు, మాటలు తగ్గలేదు. పంపకం ఒక్కటే మారింది. ఈ లెక్కకు సూత్రాన్ని కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన గణితజ్ఞుడు ఎ. కె. ఎర్లాంగ్ 1917లో ప్రకటించాడు.

అయితే ఏది ఖాళీయో చూసి పంచిపెట్టే పనికి సాధారణంగా మరో ఛానల్ కేటాయించాలి. అదే కంట్రోల్ ఛానల్.

14.3 మీట నొక్కినప్పుడు ఏం జరుగుతుంది?

ఒక పోలీసు తన చేతి రేడియో మీట నొక్కాడు. వెంటనే మాట బయటికి పోదు. ముందుగా రేడియో కంట్రోల్ ఛానల్ మీద ఒక అర్జీ పంపుతుంది: "నేను ఫలానా నంబరు రేడియోను, 1203వ బృందంతో మాట్లాడాలి." టవరు దగ్గరి కంప్యూటరు ఖాళీ ఛానల్ వెతికి, అదే కంట్రోల్ ఛానల్ మీద చాటింపు వేస్తుంది: "1203వ బృందం వారందరూ ఫలానా ఛానల్‌కు రండి." ఆ బృందంలోని రేడియోలన్నీ ఒక్కసారిగా అక్కడికి మారతాయి. ఇదంతా సెకనులో కొద్ది భాగంలో జరిగిపోతుంది. మాట ముగిశాక మళ్లీ అన్నీ కంట్రోల్ ఛానల్‌కు తిరిగి వస్తాయి. అవతలివారి జవాబు మరో ఛానల్ మీద రావచ్చు.

ఇలాంటి బృందాన్ని టాక్ గ్రూప్ అంటారు. ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుపెట్టుకోండి. పాత పద్ధతిలో పౌనఃపున్యమే చిరునామా. ట్రంకింగ్‌లో చిరునామా బృందం నంబరు. పౌనఃపున్యం ఆ క్షణానికి దొరికిన గది మాత్రమే. కొత్తగా స్కానర్ పట్టినవారి ఇబ్బందుల్లో సగం ఈ తేడా మనసుకు ఎక్కకపోవడం వల్లనే వస్తాయి.

పాత రకం స్కానర్‌తో ఇలాంటి వ్యవస్థను వింటే ప్రశ్న పోలీసుది, జవాబు మునిసిపాలిటీ బండిది అన్నట్టు ఉంటుంది. 1997లో యూనిడెన్ కంపెనీ బేర్‌క్యాట్ 235 అనే చేతి స్కానర్ తెచ్చింది. అది కంట్రోల్ ఛానల్‌లోని చాటింపును చదివి, బృందం వెంట తానూ ఛానల్ మారేది. ఆ తరువాత వచ్చిన ట్రంకింగ్ స్కానర్ల పని తీరు మూలంలో ఇదే.

బృందాల వల్ల మరో మేలు ఉంది. మిన్నెసోటా రాష్ట్రంలో ఆర్మర్ అనే ట్రంకింగ్ వ్యవస్థ ఉంది. 2007 ఆగస్టు 1 సాయంత్రం మినియాపొలిస్ నగరంలో మిసిసిపీ నదిమీది పెద్ద వంతెన, వాహనాల రద్దీ వేళ, కూలిపోయింది. 13 మంది చనిపోయారు, 145 మంది గాయపడ్డారు. సెల్ ఫోన్లు రద్దీతో సరిగా కలవలేదు. ఆ ప్రాంతపు పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు శాఖల్లో చాలావరకు అప్పటికే 800 మెగాహెర్ట్జ్ ట్రంకింగ్‌లో ఉండటంతో, వేరువేరు శాఖలవారు ఉమ్మడి బృందాల్లోకి మారి ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగారు. ఎవరికి వారికి వేరే రకం రేడియోలు ఉంటే ఆ సాయంత్రం మనిషిని పరుగెత్తించి కబురు పంపాల్సి వచ్చేది.

14.4 గది నంబరు నుంచి పౌనఃపున్యానికి

కంట్రోల్ ఛానల్ "853.5125 మెగాహెర్ట్జ్" అని పూర్తిగా చెప్పదు. "401వ ఛానల్" అని నంబరు మాత్రమే చెబుతుంది. నంబరును పౌనఃపున్యంగా మార్చే సూత్రం స్కానర్‌కు తెలియాలి. ఈ విషయంలో పాత వ్యవస్థలకూ కొత్తవాటికీ తేడా ఉంది.

ఎడాక్స్ అనే పాత రకంలో పౌనఃపున్యాలన్నింటినీ మీరే, సరైన వరుసలో నింపాలి. వరుసలో మూడోది నాలుగో చోట పడితే స్కానర్ తప్పు గదికి వెళ్లి కూర్చుంటుంది. మోటరోలా పాత రకంలో ఈ పట్టిక స్కానర్ లోపలే ముద్రించి ఉండేది. సెల్ ఫోన్ కంపెనీ టవర్ల వల్ల పోలీసు రేడియోలకు అంతరాయం కలుగుతోందని 2004లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్.సి.సి. 800 మెగాహెర్ట్జ్ ఛానళ్లను సర్దమని ఆదేశించింది. 866 నుంచి 869 వరకు ఉన్న ప్రజా భద్రత ఛానళ్లు 15 మెగాహెర్ట్జ్ కిందికి దిగాయి. దానితో లోపలి పట్టిక మార్చడానికి వీల్లేని పాత స్కానర్లు చాలాచోట్ల దారి తప్పాయి. ఇప్పటికీ పాత సరుకు చవగ్గా దొరికిందని కొని మోసపోయేవారు ఉన్నారు.

నేడు ఎక్కువగా వాడే పి25 రకం డిజిటల్ వ్యవస్థలో కంట్రోల్ ఛానలే ఆ పట్టికను కూడా చాటుతుంది. మొదలు ఎక్కడ, ఒక్కో మెట్టు ఎంత అన్నది చెబుతుంది. మొదలు 851.00625 మెగాహెర్ట్జ్, మెట్టు 6.25 కిలోహెర్ట్జ్ అయితే 401వ ఛానల్ ఏది? 401ని 0.00625తో గుణిస్తే 2.50625. దానికి 851.00625 కలిపితే 853.5125 మెగాహెర్ట్జ్. అందుకే పి25లో సాధారణంగా కంట్రోల్ ఛానల్ పౌనఃపున్యం ఒక్కటి ఇస్తే చాలు, మిగిలినవి స్కానరే లెక్క కట్టుకుంటుంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి: పై వ్యవస్థలోనే 921వ ఛానల్ పౌనఃపున్యం ఎంత? జవాబు పాఠం చివర ఉంది.

14.5 స్కానర్‌లో నింపడం

కొత్త స్కానర్లలో కొన్నింటికి అమెరికా వ్యవస్థల వివరాలన్నీ మెమరీ కార్డులోనే వస్తాయి. ఊరి పిన్ కోడ్ లాంటి జిప్ కోడ్ నొక్కితే చాలు. అయినా మొదటి వ్యవస్థను చేత్తో నింపి చూడటం మంచిది. వినిపించనప్పుడు ఎక్కడ వెతకాలో అప్పుడే తెలుస్తుంది.

ముందుగా వ్యవస్థ రకాన్ని ఎంచుకోవాలి. ఇది తప్పితే తరువాత ఎంత శ్రమపడినా ఫలితం ఉండదు. పి25లో రెండు దశలున్నాయి. మొదటి దశలో ఒక ఛానల్ మీద ఒక సంభాషణ నడుస్తుంది. రెండో దశలో కాలాన్ని ముక్కలుగా కోసి అదే ఛానల్ మీద రెండు నడుపుతారు. మొదటి దశ మాత్రమే తెలిసిన స్కానర్‌కు రెండో దశ మాటలు వినపడవు.

తరువాత సైటు, అంటే టవరు. దానికింద కంట్రోల్ ఛానల్ పౌనఃపున్యం నింపాలి. ఆ పని ఎప్పుడూ ఒకే ఛానల్ చేయదు, వంతులవారీగా మారవచ్చు. కాబట్టి ప్రత్యామ్నాయాలు తెలిసినవన్నీ నింపండి. ఏది కంట్రోల్ ఛానలో అనుమానం వస్తే సాధారణ పద్ధతిలో విని చూడండి. విరామం లేకుండా బరబరమని మోగుతూ ఉంటే అదే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మాటలు నడిచే పౌనఃపున్యాలను కూడా మామూలు ఛానళ్లుగా నింపేస్తారు. అప్పుడు వెంబడించడం ఒక పక్క, అడ్డదిడ్డంగా వినపడటం మరో పక్క జరిగి అంతా కలగాపులగం అవుతుంది.

చివరగా బృందాల నంబర్లు, వాటి పేర్లు. స్కానర్‌ను రెండు విధాలుగా నడపవచ్చు. ఒకటి, ఏ బృందం వచ్చినా వినడం. రెండు, మీరు నింపిన బృందాలను మాత్రమే వినడం. మొదటి వారం మొదటి పద్ధతిలోనే ఉంచి, పక్కన నోటుపుస్తకం పెట్టుకోండి. గంట, నంబరు, ఎవరు ఏమన్నారు, అని రాయండి. వారం గడిచేసరికి ఏది అగ్నిమాపక దళమో, ఏది మంచు తీసే బండ్లదో మీకే తెలుస్తుంది. అక్కరలేని వాటిని తాళం వేసి, ముఖ్యమైన దానికి ప్రాధాన్యం ఇవ్వండి. మాట ఆగాక రెండు సెకన్లు వేచి ఉండేలా పెట్టండి. లేకపోతే ప్రశ్న విని, జవాబు వచ్చేలోగా స్కానర్ వేరే చోటికి పోతుంది.

మోటరోలా పాత రకంలో నంబర్లు 16 గుణిజాలుగా కనిపిస్తాయి. 1616 అంటే 101వ బృందం. మధ్యలో ఖాళీగా ఉన్న అంకెలు సంభాషణ స్థితిని చెప్పడానికి. 1618 కనిపిస్తే కొత్త బృందం కాదు, 1616లో ఎవరో ఎమర్జెన్సీ మీట నొక్కారని అర్థం.

అన్నీ సరిగా నింపినా వినపడకపోవచ్చు. స్కానర్ వినగలదే కాని పలకలేదు. తాను ఫలానా టవరు కింద ఉన్నానని వ్యవస్థకు చెప్పుకోలేదు. ఒక బృందపు రేడియో ఏదీ మీ దగ్గరి టవరు కింద లేకపోతే, ఆ మాటలను ఈ టవరు సాధారణంగా ప్రసారం చేయదు. తప్పు మీ చేతిది కాదు.

మరో చిక్కు నగరాల్లో ఎదురవుతుంది. కొన్నిచోట్ల పలు టవర్లు ఒకే పౌనఃపున్యం మీద ఒకే మాటను ఒకేసారి పంపుతాయి. దూరాల తేడా వల్ల అవి ఒకదానివెనుక ఒకటి చేరి, డిజిటల్ అంకెలు ఒకదానిమీద ఒకటి పడతాయి. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, మాట మాత్రం ముక్కలవుతుంది. కొత్తవారు ఇంకా పెద్ద యాంటెన్నా కొంటారు. దానితో దూరపు టవర్లు కూడా చేరి పరిస్థితి చెడుతుంది! చేతి స్కానర్‌కు ఉన్న సౌకర్యం ఇక్కడే. గదిలో నాలుగడుగులు నడవండి. ఒక టవరుకు గోడ అడ్డు వచ్చేలా, మరొకటి కిటికీలోంచి నేరుగా వచ్చేలా నిలబడండి. పొట్టి యాంటెన్నా పెట్టి చూడండి. 2018లో వచ్చిన ఎస్.డి.ఎస్. 100 స్కానర్‌లో ఈ సమస్య కోసమే వేరే రకం రిసీవర్ అమర్చారు.

రహస్య సంకేతంలోకి మార్చిన మాటలు మాత్రం ఏ స్కానర్‌తోనూ వినపడవు. డెన్వర్ పోలీసులు 2019లో ఆ పద్ధతికి మారారు. న్యూయార్క్ పోలీసులు 2023లో మొదలుపెట్టారు. గాయపడినవారి పేర్లు, చిరునామాలు ఊరంతా వినకూడదని, నేరస్థుడు వింటూ తప్పించుకోకూడదని అధికారుల వాదన. ప్రమాదం ఎక్కడ జరిగిందో ప్రజలకూ విలేకరులకూ వెంటనే తెలియాలని, పోలీసులపై ప్రజల కన్ను ఉండాలని ఎదుటివారి వాదన. రెండింటిలోనూ పస ఉంది. అగ్నిమాపక బృందాలను తెరిచి ఉంచి, కొన్ని పోలీసు బృందాలను మాత్రమే మూయడం నాకు సబబుగా తోస్తుంది.

14.6 చట్టం ఏమంటుంది?

అమెరికాలోనూ హద్దులున్నాయి. సెల్ ఫోన్ సంభాషణలు వినడాన్ని 1986 చట్టం నిషేధించింది. న్యూయార్క్ వంటి రాష్ట్రాల్లో వాహనంలో స్కానర్ పెట్టుకోవడానికి ఆంక్షలున్నాయి.

మన దేశంలో అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరమని 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం చెప్పింది. దాని స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా అనుమతి ఉండాలనే అంటుంది. కనుక అమెరికాలో ఉన్న మీ తమ్ముడో, మేనకోడలో సెలవులకు వస్తూ స్కానర్ బహుమతిగా తెస్తామంటే వద్దని చెప్పండి.

రేడియోమీద ఆసక్తి ఉన్నవారికి ఇక్కడ హామ్ రేడియో ఉంది. పరీక్ష రాసి లైసెన్సు తీసుకుంటే వినడమే కాదు, మాట్లాడవచ్చు కూడా. హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు పనిచేయనప్పుడు ద్వీపాలనుంచి కబుర్లు చేరవేసింది.

జవాబు (14.4): 921ని 0.00625తో గుణిస్తే 5.75625. దానికి 851.00625 కలిపితే 856.7625 మెగాహెర్ట్జ్.