హాలు దీపాలకూ 'ఆటో స్టార్టర్'

ఆదోని, ఎమ్మిగనూరు: బెల్లు మోగగానే సినిమా హాల్లో దీపాలు ఆరిపోతాయి. తెరమీద 'విశ్రాంతి' పడగానే వెలుగుతాయి. ఆర్పేదెవరు, వెలిగించేదెవరు అన్నది టికెట్టు కొన్నవారికి పట్టదు. ఆదోని యార్డులో పత్తి వేసి ఆటకు కూర్చునే కౌతాళం, కోసిగి రైతులకైనా, ఎమ్మిగనూరుకు పనిమీద వచ్చిన నందవరం, గోనెగండ్ల వారికైనా కథ మొదలైతే చాలు. కానీ దీపాల పని ఇప్పుడు మనిషి చేతి నుంచి యంత్రం చేతికి పోతున్నది. పోయేచోట ఒక్క తీగె తప్పు కలిపినా, ఆపద వేళ హాలంతా చీకట్లో చిక్కుకుంటుంది.

రీళ్ల కాలంలో ఇదంతా ఆపరేటరు చేతి పని. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడేది. తెర మూలన చుక్క కనబడగానే రెండో ప్రొజెక్టరుకు మార్చాలి. కార్బన్ కడ్డీలు జరుపుతూ ఉండాలి. హాలు స్విచ్చి కూడా అతనిదే, లేకుంటే గేటు దగ్గర కుర్రవాడిది. విదేశాల్లో ఫిల్ము అంచున చిన్న వెండిరంగు రేకు ముక్క అంటించేవారు. అది యంత్రం ముందు నుంచి పోగానే దీపాలు వాటంతటవే మారేవి. మన నేల క్లాసులో ఆ పని ఈలలు చేసేవి.

2010 తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే రీళ్ల పెట్టెలు కనుమరుగయ్యాయి. చెన్నైకి చెందిన క్యూబ్, ముంబైకి చెందిన యుఎఫ్ఓ వంటి సంస్థల సర్వర్లు వచ్చాయి. సర్వర్ అంటే బొమ్మను తనలో దాచుకుని వరుస ప్రకారం ఆడించే కంప్యూటరు. ముందు ప్రకటనలు, తర్వాత మొదటి సగం, విశ్రాంతి, రెండో సగం. ఆ వరుసలోనే 'ఇక్కడ దీపాలు సగం', 'ఇక్కడ మొత్తం ఆర్పు' అని గుర్తులు పెట్టుకోవచ్చు. సమయం రాగానే సర్వర్ తన వెనుకనున్న సన్నని తీగెల్లోకి సంకేతం పంపుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఆ సంకేతం చాలా చిన్నది. హాలు దీపాలు కాదు గదా, జీరో బల్బు కూడా దానితో వెలగదు. అందుకే మధ్యలో రిలే బోర్డు కావాలి. రిలే అంటే కొత్త వింతేమీ కాదు, బోరు మోటారు స్టార్టరుకు తమ్ముడే. స్టార్టరు బటన్ నొక్కితే లోపలి కాయిల్ అయస్కాంతమై 'టక్'మని పెద్ద కాంటాక్టులను కలుపుతుంది. వేలికి అందే కరెంటు వేరు, మోటారుకు పోయే కరెంటు వేరు. రిలేలోనూ అంతే. కాలువ మీద లష్కరు నీళ్లు మోయడు, తూము తిప్పుతాడంతే.

ఎనిమిది రిలేల బోర్డు కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దానిమీద 10 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అది చూసి మోసపోరాదు. 60 వాట్ల పాత బల్బులు నలభై కలిపితే 2,400 వాట్లు. 230 వోల్టుల మీద అది 10 ఆంపియర్లు దాటిపోతుంది. ఎల్ఈడీ బల్బులైతే కరెంటు తక్కువే గాని, వేసిన క్షణంలో ఒక్కసారిగా ఎన్నో రెట్లు లాగుతాయి. ఆ దెబ్బకు కాంటాక్టులు అతుక్కుపోతాయి. తర్వాత ఎంత ఆర్పినా ఆరవు. కాబట్టి చిన్న రిలే ఒక పెద్ద కాంటాక్టరును లాగాలి, ఆ కాంటాక్టరు దీపాల బరువు మోయాలి. కాయిల్ వదిలినప్పుడు వెనక్కి తన్నే కరెంటు సర్వరును చెడగొట్టకుండా కాయిల్‌కు అడ్డంగా డయోడు ఉండాలి. తయారైన బోర్డుల్లో అది ఉంటుంది. విడి రిలే కొని బిగించేవారు మరిచిపోయేది దాన్నే.

ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. రిలేకు మూడు కాళ్లుంటాయి. ఒకటి ఉమ్మడిది. ఒకటి కాయిల్‌కు కరెంటు అందితే కలిసేది. మూడోది కరెంటు అందనప్పుడు కలిసి ఉండేది. మోటారుకు మొదటి పద్ధతే సరి, కరెంటు పోతే మోటారు ఆగాలి. హాలు దీపాలకు అది పూర్తిగా తిరగబడాలి. రిలే పట్టి ఉన్నంతసేపే చీకటి, పట్టు వదిలితే వెలుగు. బోర్డుకు కరెంటు పోయినా, తీగె తెగినా దీపాలు వెలగాలి. బోరు మోటార్లకు అలవాటుపడ్డ మిస్త్రీ ఇక్కడే పొరబడే వీలుంది.

1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో ట్రాన్స్‌ఫార్మరు అంటుకుని పొగ కమ్మింది. 59 మంది చనిపోయారు. బాల్కనీలో చీకట్లో దారి దొరక్క ఊపిరాడక పోయినవారే ఎక్కువ. అది రిలేల కాలం కాదు, తప్పు రిలేదీ కాదు. కానీ చీకటి ఏం చేస్తుందో అప్పుడు తెలిసింది. అందుకే తలుపుల మీది 'బయటకు దారి' దీపాలను, మెట్ల దీపాలను సర్వరుకు అప్పగించరాదు. అవి బ్యాటరీ మీద వేరుగా వెలుగుతూనే ఉండాలి. అగ్నిప్రమాద అలారం తీగెను సర్వరుకు కలిపితే, అలారం మోగగానే బొమ్మ ఆగి హాలు దీపాలు వెలిగేలా చేయవచ్చు.

సర్వరు బిగుసుకుపోతే మాత్రం రిలే పట్టు వదలదు. యంత్రం చివరిసారి చెప్పినమాట మీదే నిలిచిపోతుంది. అందుకు రిలేతో పనిలేకుండా దీపాలు వేసే మామూలు స్విచ్చి క్యాబిన్‌లో ఒకటి, హాలు తలుపు దగ్గర ఒకటి ఉండాలి. ఎలక్ట్రానిక్ వ్యవస్థ వచ్చిందని పాత స్విచ్చి పీకేయడం తెలివైన పని కాదు.

ఆపరేటరుకూ పని పోలేదు. విడుదలైన వారానికే సినిమాను కాస్త కత్తిరించి, లేదా రెండు సీన్లు కలిపి కొత్త కాపీ పంపడం తెలుగు సినిమాలకు మామూలే. పాత గుర్తులు అలాగే ఉంచితే క్లైమాక్సు పోరాటం మధ్యలో దీపాలు భగ్గుమంటాయి. కొత్త కాపీ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు కూర్చుని గుర్తులు సరిచూడాలి.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర, సంక్రాంతి సినిమాలు ఇంచుమించు ఒకే రోజుల్లో వస్తాయి. ఆ రద్దీకి ముందు హాలు వారు చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. హాలు ఖాళీగా ఉన్నప్పుడు బొమ్మ ఆడిస్తూ, దీపాలు ఆరి ఉండగా రిలే బోర్డు ప్లగ్గు పీకి చూడాలి. దీపాలు వెలిగితే సరి. వెలగకపోతే ఆ సాయంత్రానికే మిస్త్రీని పిలిపించాలి.