సీమ ఎండే అయ్యవారు!

చేతిలో సెల్‌ఫోన్ ఉంటే చాలు, ఇవాళ అందరూ ఫొటోగ్రాఫర్లే. కానీ కర్నూలు, కడపల మిట్టమధ్యాహ్నపు ఎండలో మనిషి ముఖం నల్లబడకుండా ఒక్క ఫొటో తీయమనండి... అసలు విద్య సంగతి అప్పుడు తెలుస్తుంది!

గండికోట. వేసవి సెలవులు. సమయం పన్నెండున్నర. కారు దిగిన కుటుంబం పెన్నా లోయ వైపు పరుగు తీస్తుంది. అమ్మానాన్నా, పిల్లలు, కొంగు తలమీదికి లాక్కున్న అవ్వ. 'అందరూ ఇటు చూడండి' అంటారెవరో. క్లిక్! ఇంటికొచ్చి చూసుకుంటే లోయ తెల్లగా పాలిపోయి ఉంటుంది. కళ్లకింద నల్లటి గుంటలు. నాన్న టోపీ కింద ముఖమే కనిపించదు. పాపం, తిట్లు మాత్రం ఫోనుకే!

అదే చోట, అదే ఫోనుతో ఉదయం ఆరున్నరకు తీసి చూడండి. వెలుగు ఏటవాలుగా పడి బండల పొరలు ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తాయి. రాయి ఎర్రగా మెరుస్తుంది. అవ్వ ముఖంలోని ముడతలకు కూడా ఓ అందం వస్తుంది. (అన్నట్టు, వెనక్కి అడుగులేస్తూ ఫొటో తీసే అలవాటున్నవారు ఆ అంచు దగ్గర మాత్రం దాన్ని మానుకోవాలి. లోయ లోతు సుమారు మూడు వందల అడుగులు!)

డిజిటల్ ఫొటోగ్రఫీ నేర్చుకోవాలనుకునేవారికి రాయలసీమ ఓ కఠినమైన బడి. నెలల తరబడి మబ్బు తునక ఉండదు. పైనుంచి ఎండ, కిందినుంచి నాపరాళ్ల మీద పడి తిరిగొచ్చే వెలుగు. ఇక్కడ వెలుతురును లొంగదీసుకున్నవారికి మిగతాచోట్ల పని తేలికే.

కొళాయి కింద బిందె

ఫిల్ము రోజుల్లో ఒక రీలుకు ముప్పై ఆరు ఫొటోలు. మీట నొక్కిన ప్రతిసారీ డబ్బు ఖర్చయ్యేది. అందుకే స్టూడియోవాళ్లు అంకెలన్నీ కంఠతా పట్టేవారు. ఎండకు ఎంత, నీడకు ఎంత అని ఫిల్ము డబ్బామీదే బొమ్మలు వేసి ఉండేవి కూడా. వాటిలో అన్నిటికన్నా పేరున్న సూత్రం 'సన్నీ సిక్స్‌టీన్'. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100 ఉంటే, ఎపర్చర్ ఎఫ్/16, షట్టర్ వేగం సెకనులో వందో వంతు. అంతే! మీటరు లేకపోయినా ఫొటో వచ్చి తీరుతుంది. మబ్బులేని సీమ ఆకాశానికి ఇంతకన్నా సరిపోయే సూత్రం లేదు.

ఈ మూడు మాటలే కొత్తవారిని భయపెడతాయి. కొళాయి కింద బిందె పెట్టామనుకోండి. కొళాయి ఎంత తిప్పామన్నది ఎపర్చర్. ఎంతసేపు వదిలామన్నది షట్టర్. బిందె ఎంత చిన్నదన్నది ఐఎస్‌ఓ... అంకె పెరిగేకొద్దీ బిందె చిన్నదవుతుంది, కొంచెం నీటికే నిండిపోతుంది. బిందె నిండాలి, పొర్లిపోకూడదు. కొళాయి ఎక్కువ తిప్పితే తక్కువసేపు చాలు. అంటే ఎఫ్/16 దగ్గర వందో వంతు సెకను ఎంతో, ఎఫ్/8 దగ్గర నాలుగు వందలో వంతు అంత. వెలుతురు ఒకటే. ఫొటో మాత్రం వేరు. మొదటిదాంట్లో ముందున్న మనిషీ వెనకున్న గుట్టా రెండూ స్పష్టంగా ఉంటాయి. రెండోదాంట్లో వెనకభాగం కాస్త మసకబారి మనిషి ముందుకొస్తాడు. ఏది కావాలన్నది తీసేవారి ఇష్టం. ఆటోలో పెడితే ఆ ఇష్టాన్ని కెమెరాకు వదిలేసినట్టే.

దీనికి ఖరీదైన కెమెరాయే కావాలా? అక్కర్లేదు. చాలా ఫోన్లలో 'ప్రో' అని ఒక మోడ్ ఉంటుంది. అందులో ఐఎస్‌ఓ, షట్టర్ మార్చుకోవచ్చు. ఎపర్చర్ మాత్రం సాధారణంగా మారదు. ఒక నెల దానితో కుస్తీ పట్టాకే కెమెరా కొనే మాట.

డిజిటల్ కెమెరా పుట్టుక కూడా ముచ్చటైనదే. అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజినీరు స్టీవెన్ శాసన్ 1975లో మొదటిది తయారుచేశాడు. బరువు దాదాపు మూడున్నర కిలోలు. ఒక్క నలుపు తెలుపు ఫొటోను క్యాసెట్‌మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు. మొత్తం చుక్కలు పదివేలు! సొంతింట్లో పుట్టిన ఆ బిడ్డను కొడాక్ సరిగా పెంచుకోలేదు. 2012లో దివాలా పిటిషన్ వేయాల్సివచ్చింది. ఆలోగా మన ఊళ్లలో డార్క్‌రూములూ మూతపడ్డాయి.

నల్లబండ, తెల్లపంచె

ఇంట్లోనే చేసుకోగల ప్రయోగం ఒకటుంది. కడప బండ పరిచిన అరుగును తెరనిండా వచ్చేట్టు ఆటోలో ఒక ఫొటో తీయండి. ఆ పక్కనే తెల్లపంచె ఆరేసి దాన్నొకటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యపోతారు. నల్లబండ బూడిదరంగులో ఉంటుంది. తెల్లపంచె కూడా మాసినట్టు బూడిదరంగులోనే ఉంటుంది!

కెమెరా మీటరుకు లోకమంతా మధ్యరకం బూడిదరంగే. నలుపు కనిపిస్తే 'చీకటిగా ఉంది' అనుకుని వెలుతురు పెంచుతుంది. తెలుపు కనిపిస్తే తగ్గిస్తుంది. మనం ఎదురుచెప్పాలి. పంచెకు ప్లస్ ఒకటి, బండకు మైనస్ ఒకటి. కెమెరాలో ప్లస్, మైనస్ గుర్తులున్న ఆ మీట పేరు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. ఫోనులోనైతే తెరమీద వేలితో తాకి సూర్యుడి బొమ్మను పైకీ కిందికీ జరపడమే. తెల్లటి తలపాగా చుట్టిన రైతు ముఖం ఎండలో ఎందుకు నల్లబడుతుందో దీంతో తెలిసిపోతుంది. మనిషిని వేపచెట్టు నీడకు జరిపి, ఎదురుగా ఓ తెల్ల దుప్పటి పట్టుకుంటే చాలు. పైసా ఖర్చులేని రిఫ్లెక్టర్!

బిలంలో పరీక్ష

ఎండ అయ్యాక చీకటి. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు (2022లో జిల్లాలు విడిపోకముందు కర్నూలు జిల్లా) దానికి తగిన చోటు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి లోకానికి చెప్పాడు. పొడవు 3,229 మీటర్లు. లోపల ఉక్కపోత, పసుపు దీపాలు, పక్కనే చిమ్మచీకటి. మొదట ఎదురయ్యేది లెన్సుమీద ఆవిరి. కెమెరాను ఏసీ కారులోంచి తీసి నేరుగా లోపలికి తీసుకెళ్తే అద్దం మసకబారుతుంది. కాసేపు బయటే సంచిలో ఉంచి అలవాటు పడనివ్వాలి.

ఫ్లాష్ వేస్తే గుహ గోడలా చదునైపోతుంది. రాతి మడతలన్నీ మాయం. ఫ్లాష్ ఆపి, ఐఎస్‌ఓ 1600 లేదా 3200కు పెంచి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. కాస్త గరుకు వస్తుంది. ఫరవాలేదు, చేయి కదిలి చెదిరిన ఫొటోకన్నా గరుకు ఫొటో నయం. ట్రైపాడ్ ఉంటే ఐఎస్‌ఓ 100లోనే నాలుగైదు సెకన్లు ఉంచొచ్చు. దానికి అనుమతి ఉందో లేదో టికెట్ల దగ్గరే అడిగి తెలుసుకోవాలి. ఇక పసుపు... వైట్ బ్యాలెన్స్ మార్చి ఆ పసుపును పూర్తిగా కడిగేస్తారు కొందరు. గుహ ఆస్పత్రి వరండాలా తయారవుతుంది. కొంచెం ఉంచడమే మేలు.

గండికోట లోయది మరో చిక్కు. సూర్యుడు పైకొచ్చేవేళ ఒక గోడ మండుతుంటుంది, ఎదుటి గోడ ఇంకా నీడలోనే. కన్ను రెండింటినీ చూస్తుంది. ఒక్క ఫొటోలో రెండూ రావడం కష్టం. ఒకటి మామూలుగా, ఒకటి రెండు మెట్లు తగ్గించి, ఒకటి రెండు మెట్లు పెంచి మూడు తీసి కంప్యూటర్‌లో కలుపుతారు. ఫోన్లు హెచ్‌డీఆర్ పేరుతో ఈ పనే చెప్పకుండా చేస్తాయి. కెమెరాలో 'రా' ఫైలు పెట్టుకుంటే తర్వాత సరిదిద్దుకునే వీలు ఎక్కువ. జేపెగ్ వండి వడ్డించిన అన్నం, రా ఫైలు సంచిలో బియ్యం. వండుకునే ఓపిక ఉన్నవారికే అది.

ఓర్వకల్లు రాళ్ల దగ్గర ఒక మనిషిని నిలబెడితే తప్ప ఆ రాళ్లు ఎంత పెద్దవో ఫొటోలో తెలీదు. సంగమేశ్వరం గుడికైతే తేదీయే ముఖ్యం. శ్రీశైలం జలాశయం నీళ్లు దిగాకే అది బయటపడుతుంది.

బురదలో ఆల్బమ్

పొట్టకూటికి ఫొటోలు తీసేవారికి వేరే పరీక్షలు. తలంబ్రాలు ఒక్కసారే పోస్తారు. అక్షింతలు గాల్లో ఆగినట్టు కనిపించాలంటే షట్టర్ కనీసం 250లో వంతు. దీపాల వెలుతురు చాలదు, ఐఎస్‌ఓ పెంచాలి, పక్కగా ఫ్లాష్ పెట్టాలి. ఇవన్నీ పురోహితుడు 'కానివ్వండి' అనేలోపే! మెమరీ కార్డు పాడైతే పెళ్లి మళ్లీ చేయమనలేరు కదా. అందుకే అనుభవజ్ఞులు ఒకేసారి రెండు కార్డుల మీదికి ఎక్కించే కెమెరాలు వాడతారు.

ఫొటో తీయడం సరే, దాచుకోవడం? 2009 అక్టోబర్ మొదటివారంలో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. మనుషులు మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. కింది గదుల బీరువాల్లో ఉన్నవి బురదపాలు. టీవీ, మంచం మళ్లీ కొనుక్కోవచ్చు. పోయినవారి ఒకేఒక్క ఫొటోను ఏ దుకాణంలో కొంటారు? తడిసిన పాత ప్రింట్లు ఆరిపోయి ఒకదానికొకటి అతుక్కుంటే లాగితే చిరిగిపోతాయి. ఆరనివ్వకముందే చల్లటి మంచినీళ్లలో ఉంచి, మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేట్టు నీడలో ఆరబెట్టాలి. ఈ చిన్న సంగతి తెలిసి ఉంటే కొన్నయినా మిగిలేవి.

ఇప్పుడు ఫొటోలు ఫోన్లలో ఉన్నాయి. ఫోను నీళ్లలో పడినా, దొంగ పాలైనా అదే కథ. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, వాటిలో ఒకటి వేరే ఇంట్లో... వృత్తిలో ఉన్నవారు పాటించే పద్ధతి ఇది. హార్డ్‌డిస్కు ఒకటి అత్తగారింట్లో ఉంచితే చాలు! ఇంటి పెద్దల పాత ఫొటోలను పొద్దుటి నీడలో, గాజు తీసేసి, ఫోనును సమాంతరంగా పట్టుకుని మళ్లీ ఫొటో తీసుకోవడం ఈ ఆదివారమే చేయదగ్గ పని.

పిట్ట కోసం

పై తరగతికి వెళ్దామా? రోళ్లపాడు. నందికొట్కూరుకు చేరువలోని గడ్డిభూములు. బట్టమేక పిట్టను కాపాడటానికి 1988లో అభయారణ్యం చేశారు. ఒకప్పుడు దాన్ని కెమెరాలో బంధించాలని దూరాల నుంచి వచ్చేవారు. తర్వాతి కాలంలో ఆ పిట్టలు తగ్గిపోయాయి. కృష్ణజింకలు, చలికాలపు వలస డేగలు ఇప్పటి ఆకర్షణ.

ఇక్కడ 400 మిల్లీమీటర్లకు తగ్గని లెన్సు, వెయ్యో వంతు షట్టర్ కావాలి. అయినా తొమ్మిది దాటితే ఫొటో మెత్తబడుతుంది. కారణం ఎండమావి! కాగిన నేలమీది గాలి అలలలా కదులుతూ దూరపు బొమ్మను చెరుపుతుంది. లక్షల లెన్సుకూ దానికి మందు లేదు. సూర్యోదయానికి ముందే చేరుకోవడం, దగ్గరికి వచ్చేదాకా కదలకుండా కూర్చోవడం తప్ప.

దగ్గరికి మనం వెళ్లకూడదా? కూడదు. బట్టమేక కటిక నేలమీదే గుడ్డు పెడుతుంది, సాధారణంగా ఏడాదికి ఒక్కటి. ఫొటో మోజులో మనిషి దగ్గరైతే తల్లి లేచి పోతుంది. గుడ్డు ఎండకో కాకికో బలి. వేటగాడి తుపాకీ చేసే పనిని కెమెరా కూడా చేయగలదు.

మనిషి లేని ఫొటో

కడప జిల్లా లంకమల ముళ్లపొదల్లో తీసిన కొన్ని ఫొటోల వెనక కెమెరా పట్టిన చేయే లేదు. 1848లో టి.సి. జెర్డాన్ ద్వారా లోకానికి తెలిసిన కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఓ స్థానిక వేటగాడికి రాత్రిపూట టార్చి వెలుగులో దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అది కలివికోడేనని తేల్చారు. డాక్టర్ సలీం అలీ బయలుదేరి వచ్చేలోపే ఆ పిట్ట చనిపోయింది.

రాత్రిళ్లు తిరిగే ఈ సిగ్గరి పిట్టను వెతకడానికి 2000 తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచారు. వాటిపై అడుగుజాడలు పడతాయి. పక్కన, ఎదుట ఏదైనా కదిలితే దానంతటదే క్లిక్‌మనే కెమెరాలు పెట్టారు. కుందేళ్లు, నక్కలు, మేకలు... వాటి మధ్య ఎప్పుడో ఒకసారి కలివికోడి. ఏ పోటీలోనూ బహుమతి రాని ఫొటోలవి. కానీ ప్రతిదానికీ తేదీ, సమయం, చోటు రాసి ఉన్నాయి.

2005లో తెలుగుగంగ కాలువ పనుల యంత్రాలు ఈ పొదల్లోకి వచ్చాయి. పిట్ట ఎక్కడెక్కడ ఉందో అప్పటికే నమోదై ఉండటంతో అభ్యంతరాలు గట్టిగా వెళ్లాయి. పనులు ఆగాయి. కాలువ దారి మార్చారు.

లంకమలలోకి కెమెరాతో వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. రాత్రిపూట ఫ్లాష్‌లు, ఫోనులో పిట్ట కూత వినిపించి పిలవడాలు అక్కడ వద్దు.